జవాబు తర్వాత

"మీరు కాస్త బయటికి వెళ్ళండి."

ఎంత మర్యాదగా అందామనుకున్నా సర్వే అమ్మాయి గొంతులో విసుగు దాగలేదు.

బెంచీ మీదున్న పెద్దావిడ తలెత్తింది. "గదిలోకి రావట్లేదు కదమ్మా. బయటే ఉన్నాను."

"ఈ హాల్లో కూడా వద్దండీ. గేటు అవతలికి."

ఆ క్లినిక్‌ వాళ్ళు ట్రాన్స్‌జెండర్ల సర్వే కోసం వెనక గది ఒకటి ఇచ్చారు. రెండు కుర్చీలు, ఒక టేబులు, సరిగా మూతపడని తలుపు. సర్వే అమ్మాయి ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి అడుగుతుంది. ఇల్లు అద్దెకిస్తున్నారా, పని దొరుకుతోందా, ఇంట్లోవాళ్ళు మాట్లాడుతున్నారా. చిట్టచివర ఒక ప్రశ్న. ఎప్పుడైనా ప్రాణం తీసుకోవడానికి ప్రయత్నించారా?

అవును, లేదు. రెండే గడులు.

"అనుకున్నాను, గడప దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. అది ఏ గడిలోకి వస్తుంది?" అని ఒక ఆటో నడిపే ఆవిడ అడిగితే సర్వే అమ్మాయి ప్రశ్నని మళ్ళీ మొదట్నించీ చదివింది.

అలా గదిలోంచి వచ్చినవాళ్ళని ఈ పెద్దావిడ పట్టుకునేది. పొడగరి, బొంగురు గొంతు. పొద్దున్నే అందరికంటే ముందొచ్చి బెంచీ మీద కూర్చునేది. పక్కన పెద్ద ఫ్లాస్కు. అందుకే వాచ్‌మన్ ఆవిడకి ఫ్లాస్కమ్మ అని పేరు పెట్టాడు. లోపల్నించి ఎవరొచ్చినా, "కూర్చో, టీ తాగి వెళ్దువుగాని," అనేది. కొందరు తాగి వెళ్ళిపోయేవాళ్ళు. కొందరు అక్కడే భోరుమనేవాళ్ళు. ఆవిడ వీపు నిమురుతూ ఉండిపోయేది.

మొదటిరోజు సర్వే అమ్మాయి ఆవిడనీ పిలిచింది.

"మీరూ చెప్తారా అండీ?"

"నన్నడక్కు తల్లీ."

నిరాకరించారు, అని టాబ్‌లో నొక్కి ఊరుకుంది.

చిక్కంతా సూపర్‌వైజర్ ఫోన్‌తో వచ్చింది.

"ఏంటమ్మా, అన్నీ అవునులే! ఇంత ఎక్కువ లెక్క చూపిస్తే ఎవరు నమ్ముతారు? బయట ఎవరో నూరిపోస్తున్నట్టుంది, చూసుకో."

చూసుకోవడానికేముంది? బెంచీ మీద కళ్ళెదుటే ఉంది.

ఫ్లాస్కమ్మ వాదించలేదు. సామాను సర్దుకుని లేచింది. గేటు దగ్గర ఆగి వెనక్కి తిరిగింది.

"అడగడం తప్పు కాదు తల్లీ. అడగాలి. కానీ అడిగాక మనిషిని ఒంటరిగా పంపకు."

"మా దగ్గర హెల్ప్‌లైన్ కార్డులు ఉన్నాయండీ, అందరికీ ఇస్తున్నాం."

"ఇవ్వు, ఇవ్వు. మంచిదే," అని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత పని పరుగులు తీసింది. లేదు. లేదు. లేదు. ఆ ప్రశ్న దగ్గర ఎవరూ తడుముకోలేదు, ఏడవలేదు. సూపర్‌వైజర్ మెచ్చుకున్నాడు. "ఇప్పుడు నమ్మేలా ఉంది," అన్నాడు.

సర్వే అమ్మాయి కూడా నమ్మింది, బ్యూటీపార్లర్‌లో పనిచేసే అమ్మాయి వచ్చేదాకా.

ఆ అమ్మాయి అన్నిటికీ నవ్వుతూ జవాబులు చెప్పింది. ఆఖరి ప్రశ్నకీ నవ్వుతూనే "లేదు" అంది. కార్డు తీసుకుంది. మధ్యాహ్నం సర్వే అమ్మాయి భోజనానికి బయటికొస్తే, ఆ అమ్మాయి ఇంకా గేటు పక్కనే గోడకి ఆనుకుని నిలబడి ఉంది. ముఖమంతా తడి.

"ఏమైంది? లేదన్నావు కదా!"

"అవునందామనే వచ్చాను మేడమ్. ఫ్లాస్కమ్మ ఉంటుంది, భయం లేదు, వెళ్ళి చెప్పేసెయ్ అని మావాళ్ళన్నారు. వచ్చి చూస్తే బెంచీ ఖాళీ."

"అయితే?"

"అంత మాట బయటికి తీశాక నేనొక్కదాన్నే బస్సెక్కి గదికెళ్ళాలి కదా మేడమ్. ఎలా వెళ్తాను?"

అప్పుడర్థమైంది సర్వే అమ్మాయికి. ఫ్లాస్కమ్మ ఎవరికీ ఏమీ నూరిపోయలేదు. ఆవిడ ఉన్నన్నాళ్ళూ నిజం చెప్పే ధైర్యముంది. పంపేశాక లేదు, అంతే.

ఆ మధ్యాహ్నం సర్వే ఆగిపోయింది. సర్వే అమ్మాయి పార్లర్ అమ్మాయి పక్కన కూర్చుంది. చెప్పినంతసేపూ వింది, తర్వాత తనే బస్సెక్కి గది దాకా దిగబెట్టింది. వచ్చేదారిలో వాచ్‌మన్‌ని అడిగి ఫ్లాస్కమ్మ ఇల్లు తెలుసుకుంది. క్షమించమని అడగాలి. రేపట్నించి మళ్ళీ వచ్చి కూర్చోమని బతిమాలాలి.

తలుపు తీసిన మనిషికి అదే పొడుగు, అదే ముక్కు. క్లినిక్‌కి ఫ్లాస్కు తెచ్చే అమ్మగారున్నారా అని సర్వే అమ్మాయి అడిగింది.

"మా అక్క పోయింది కదమ్మా. మొన్ననే. గుండె ఎప్పట్నించో బాగాలేదు. కదలొద్దన్నా వినకుండా క్లినిక్‌కి వచ్చేది."

ఆవిడ చూపు సర్వే అమ్మాయి చేతిలోని టాబ్ మీద పడింది.

"మీరేనా సర్వే చేసేది? మీ మాట చెప్పింది. మంచి పిల్ల, కాస్త తొందరెక్కువ అంది."

"ఆవిడని నేనే బయటికి పంపేశానండీ. నా ప్రశ్న ఒక్కదానికీ జవాబివ్వలేదు. నిరాకరించారని రాసుకున్నాను."

"నిరాకరించడమేంటమ్మా? ఆ సర్వే మా అక్కకి వర్తించదు కదా." ఆవిడ పక్కకి జరిగి, లోపలికి రమ్మని దారిచ్చింది. "అది ట్రాన్స్‌జెండర్ల సర్వే. వాళ్ళలో ఒకరు తన కూతురు, తను కాదు. పోయినసారి, ఆ పిల్ల బతికున్న ఆఖరి రోజున, అదే గదిలో తననీ అడిగారు. లేదన్నానమ్మా అని ఇంటికొచ్చి చెబితే మా అక్క ఆ మాట నమ్మి, ఆ రాత్రి నిశ్చింతగా నిద్రపోయింది."