మూడు షిఫ్టుల వంట

గేటు దగ్గర పున్నమ్మను మళ్ళీ ఆపేశారు.

"లోపలికి పో అమ్మా. నిన్ను బయటికి పోనియ్యొద్దని డాక్టరు చెప్పిండు," అన్నాడు వాచ్‌మన్.

"మొదటి షిఫ్టు దిగింది. ఆయన ఇంటికొస్తడు. అన్నం ఎవరు పెడ్తరు?"

వాచ్‌మన్ గేటు వేసేశాడు.

పున్నమ్మ కాళ్ళీడ్చుకుంటూ వార్డులోకి వచ్చింది. కిటికీకి ఊచలున్నాయి. గని సైరను వినిపిస్తుంది గానీ ఇల్లు కనిపించదు. మంచం మీద కూతురు నిర్మల గోడవైపు తిరిగి పడుకుని ఉంది. పున్నమ్మ పక్కనున్న స్టూలు మీద కూర్చుని, కొత్తగూడెం ఎండ మండిపోతున్నా కొంగు భుజాల చుట్టూ బిగించుకుంది. బిడ్డను కనిపెట్టుకుని ఉండే మనిషికి కూడా జైలేనా అని ఆమెకు ఒళ్ళు మండింది.

భర్త పిచ్చయ్యది మొదటి షిఫ్టు. పెద్దకొడుకుది రెండోది, చిన్నవాడిది రాత్రిది. ఆ క్వార్టర్‌లో పొయ్యి ఆరేది కాదు. ఒకరికి పెట్టి గిన్నెలు తోమేసరికి ఇంకొకరు బొగ్గు మొహంతో దిగేవారు. పున్నమ్మ వంటకు వంక పెట్టినవాడు ఆ కాలనీలోనే లేడు.

అంత వంట జరిగే ఇంట్లో ఒక కంచం ఖాళీగా ఉండిపోతోందని మాత్రం ఎవరూ కనిపెట్టలేదు. కొడుకులతో తినేసిందని తండ్రి అనుకున్నాడు. తండ్రితో తినేసిందని కొడుకులు అనుకున్నారు. ఎముకలు తేలాక గానీ సంగతి బయటపడలేదు.

తలుపవతల డాక్టరు పిచ్చయ్యతో మాట్లాడుతున్నాడు. పున్నమ్మ చెవి ఒగ్గింది.

"ఇంట్లో తిండి లేక కాదు. తినాలంటే భయం. అదీ జబ్బే. ఒళ్ళే కాదు, మెదడు కూడా చిక్కిపోతుంది. మతిమరుపు, చలి, మొండితనం, ఎంతసేపూ తిండి గురించే ఆలోచన. తనకేం కాలేదంటుంది. అది అబద్ధం కాదు, ఆ మెదడుకు నిజంగా అట్లాగే తోస్తుంది. వాదించకండి, తినిపించండి. తిండి పడితే చాలావరకు మళ్ళీ మామూలవుతుంది."

"తినకపోతే సారూ?" అన్నాడు పిచ్చయ్య.

"ప్రాణం మీదికొస్తుంది," అన్నాడు డాక్టరు.

పున్నమ్మ గబగబా పక్కింటివాళ్ళు పంపిన పెరుగన్నం గిన్నె ముందుకు లాక్కుంది. ఉప్పు వేసిందో లేదో గుర్తురాక మళ్ళీ వేసింది. మెతుకు మెతుకూ చిదిమి, గోలీలంత ముద్దలు చేసి గిన్నె అంచున పేర్చింది.

"లే బిడ్డా. ఒక్క ముద్ద తిను. నా తల్లివి కదా."

నిర్మల ఇటు తిరిగింది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"నువ్వొక ముద్ద తింటేనే నేనొక ముద్ద."

"నేను ఇందాకనే తిన్నా."

"అయితే నాకూ వద్దు."

"గట్లంటే ఎట్లనే? డాక్టరు ఏమన్నడో విన్నవా? నువ్వు తినకపోతే..."

 కూతురు మళ్ళీ గోడవైపు తిరగబోయింది.

పున్నమ్మకు ఎటూ దారి లేదు. ముద్ద నోట్లో పెట్టుకుంది. మింగుడు పడలేదు. ఊసేద్దామా అని కిటికీవైపు చూసింది. కూతురు రెప్ప వెయ్యకుండా తననే చూస్తోంది. బిడ్డ ప్రాణం కన్నా ఎక్కువా అనుకుని, కళ్ళు మూసుకుని మింగేసింది. కన్నీళ్ళు కారిపోయాయి.

"ఇప్పుడు నువ్వు."

నిర్మల నోరు తెరిచింది. తల్లికొకటి, బిడ్డకొకటి, గిన్నె అంచున ముద్దలు సగమయ్యాయి. బిడ్డ దక్కిందన్న ఆనందంతో పున్నమ్మ చాలా రోజుల తర్వాత నవ్వింది.

అంతలో ఆయా హేమ్లి సెలైన్ సీసా పట్టుకుని వచ్చి నిర్మల భుజం తట్టింది: "ఇగ లే బిడ్డా, మీ అమ్మ మంచం మీ అమ్మకియ్యి, ఆమెకు సీసా ఎక్కియ్యాలె."