లెక్కల మేడం

ఆన్‌లైన్ కోర్సులుండగా లెక్చరర్లెందుకని పాత కాలేజీ లెక్కల మేడాన్ని మాన్పించింది. ఊళ్లో ఇక అడగాల్సిన కాలేజీ ఇదొక్కటే. ఆమె గుండె చిక్కబట్టుకుని ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లింది.

చూడగానే ఆయన లేచి నిలబడ్డాడు. "మీరా మేడం? మీ పాఠం వినని పిల్లలు మా దగ్గర లేరు."

ఆమెకు పోయిన ప్రాణం లేచొచ్చినట్లయింది. "ఏ క్లాసైనా చెబుతాను సార్. ఇల్లు గడవట్లేదు."

"రండి, చూపిస్తాను."

క్లాసులో లెక్చరర్ లేడు. గోడమీది తెరలో ఆమే ఉంది. కాలేజీకి రాలేని పిల్లల కోసమని తానే ఎప్పుడో ఉచితంగా పెట్టిన కోర్సు అది.

"మీరిలా దొరుకుతుంటే ఇంకెవరినీ తీసుకోలేదు," గొంతు తగ్గించి అన్నాడు ప్రిన్సిపాల్. "మిమ్మల్ని కూడా తీసుకోలేం మేడం."

తెరమీద ఆమె సుద్దముక్క దించి అడిగింది. "అర్థమైందా?"

"అర్థమైంది మేడం," అంది క్లాసంతా.

గుమ్మంలో నిలబడ్డ ఆమె కూడా తలూపింది.