అంజూర మొద్దు

"ఉలి కింద పెట్టు మెల్ఖీర్! ఆ మొద్దు నాది!" గేటు తోసుకుని వచ్చింది పొరుగింటి తస్సాదిత్.

మెల్ఖీర్ తలెత్తలేదు. తన పెరట్లో ఎండిపోయిన అంజూర మొద్దుని గుల్ల చేస్తూనే ఉంది. పక్కన గంపెడు మట్టి, ఎర్ర జెరేనియం మొక్కలు.

నేల మెల్ఖీర్‌ది, చెట్టు తస్సాదిత్‌ది. కబీలీ కొండల్లో తాతల నాటి కట్టడి అది. చెట్టు బతికున్నంత కాలం దాని మనిషి ఆ పెరట్లోకి రావచ్చు, కాయలు కోసుకోవచ్చు. చెట్టు చస్తే ఆ హక్కూ చచ్చినట్టే.

"పూలకుండీ చేసేస్తే నా చెట్టు ఆనవాలే ఉండదు. అదేగా నీ ఎత్తు? అసలు దీని వేళ్ళలో ఏం పోసి చంపావో!"

"నీళ్ళే పోశానక్కా. వేసవంతా మోసి మోసి నడుం పడిపోయింది."

"అబ్బో! మరి చచ్చాక ఈ సింగారమెందుకో?"

మెల్ఖీర్ ఉలి దించింది. "మా వాడు నిన్న గేటుకి తాళం కొనుక్కొచ్చాడు. చెట్టు పోయింది, ఇక ఆవిడకి ఇక్కడేం పని అన్నాడు. ఎక్కడ పోయిందిరా, పూస్తుంది చూడు అన్నాను."

"అంజూర పూయడం ఎవరైనా చూశారటే, పిచ్చిదానా?"

"చూడకపోతే చూస్తారు. పొద్దున్నే నువ్వొచ్చి నాలుగు తిట్టకపోతే నాకు తెల్లారదు."

తస్సాదిత్ మొద్దు పక్కన చతికిలబడి, మొక్క లాక్కుంది.

"మట్టి ఇలాగేనా కూరేది? రేపొద్దున నేనొచ్చేదాకా దీన్ని ముట్టుకోకు!"