కదలని స్టాండు

"ఇది కూడా కుంగిందయ్యా!" వర్క్‌షాపు గుమ్మంలోంచే అరిచాడు అద్దాలాయన.

వెల్డింగు చేస్తున్న ఫిట్టరు ముసుగు పైకెత్తాడు. "ఏది సార్?"

"ఏదేమిటి, నీ స్టాండు! నిన్న మధ్యాహ్నం నువ్వే బిగించావు. వెంట్రుకవాసి కదిలినా మీసం తీయించుకుంటానన్నావు. దూరాన వాటర్ ట్యాంకు మీదున్న కడ్డీని టెలిస్కోపులో నట్టనడుమ పెట్టి, అన్నీ బిగించి, ముట్టుకోకుండా వదిలేశాను. పొద్దున చూస్తే కడ్డీ పక్కకి జరిగిపోయింది."

"కడ్డీయే జరిగిందేమో."

"వేళాకోళాలకి ఇదా టైము?"

కళ్ళద్దాల షాపులో అద్దాలు సానబట్టడం ఆయన ఉద్యోగం. రెండేళ్ళు సెలవులన్నీ ధారపోసి, భోజనాల పళ్ళెమంత అద్దాన్ని తన చేత్తోనే సానబట్టుకుని టెలిస్కోపు తయారుచేసుకున్నాడు. మనిషంత గొట్టం, యాభై కిలోల బరువు. అద్దానికి వంక పెట్టినవాడు లేడు. వచ్చిన చిక్కల్లా దాన్ని మోసే స్టాండుతోనే. మూడుకాళ్ళది కొన్నాడు, చెక్కపెట్టెలాంటిది చేయించాడు, రెంటికీ ఇదే రోగం. నిలబెట్టిన చోట చూపు నిలబడదు. పోయినసారి నక్షత్రాల సంఘం వాళ్ళు మేడెక్కి వచ్చినప్పుడు, ఒక్కొక్కరు కన్ను పెట్టేలోపు గ్రహం కాస్తా జారిపోయింది. "మీ గ్రహానికి బిడియం ఎక్కువండీ" అని సంఘం అధ్యక్షుడు అంటే అందరూ పగలబడి నవ్వారు. ఆ నవ్వు ఆయన చెవుల్లోంచి ఇప్పటికీ పోలేదు.

అందుకే ఈసారి ఫిట్టరు మాట విన్నాడు. లావుపాటి ఇనప గొట్టం, దాన్నిండా కూరిన ఇసుక, అడుగున అరంగుళం మందం ప్లేటు, ఎనిమిది బోల్టులు. నలుగురు మనుషులు మోయలేక మోయలేక మేడ మీదికి చేర్చారు.

"ఏనుగెక్కినా కదలదు సార్ అది" అన్నాడు ఫిట్టరు.

"ఏనుగుల్ని ఎక్కించను. యాభై కిలోలు ఆపితే చాలు." అద్దాలాయన చేతిగడియారం చూసుకున్నాడు. "ఇవాళ సాయంత్రం చందమామ వెనక్కి గ్రహం వెళ్ళి దాక్కుంటుంది. మళ్ళీ ఇలాంటిది చూడ్డానికి నేనుండను. ఆరింటికి ఇరవైమంది వస్తున్నారు. ఈసారి కూడా నవ్వులపాలైతే టెలిస్కోపుని పాతసామాన్ల వాడికి వేసేస్తానని మా ఆవిడ ఒట్టు పెట్టుకుంది. నీ కాళ్ళు పట్టుకోమన్నా పట్టుకుంటాను, ఒక్కసారి వచ్చి చూడు."

పెద్దమనిషి కళ్ళల్లో నీళ్ళు చూసి ఫిట్టరు వెల్డింగు ఆపేశాడు. సంచీ భుజాన వేసుకుని వెంట నడిచాడు.

ఇంట్లో అడుగు పెడుతూనే భార్య ఎదురొచ్చింది. "ఏవండీ, వంటింటి తలుపు మళ్ళీ పట్టేసింది. పొద్దుట్నించీ..."

"తలుపు తర్వాత చూద్దాం, నన్ను వదిలెయ్యవే!"

"మీకు మేడ మీదిదే కాపురం" అని ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది. హాల్లో మంచం మీద అద్దాలాయన అత్తగారు దగ్గుతోంది. ఇద్దరూ గబగబా మేడెక్కారు.

ఫిట్టరు ముందు బోల్టులు చూశాడు. ఎనిమిదీ బిర్రుగా ఉన్నాయి. భుజం ఆనించి తోశాడు. స్టాండు ఉలకలేదు, పలకలేదు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది సార్ మీ వరస" అన్నాడు.

"అయితే నువ్వే చూడు."

ఫిట్టరు టెలిస్కోపులో కన్ను పెట్టి చూశాడు. కడ్డీ ఓ పక్కన అంచుకి చేరింది. అతని మొహంలో నవ్వు పోయింది. సంచీలోంచి రసమట్టం తీసి స్టాండు నెత్తిన పెట్టాడు. నిన్న సరిగ్గా మధ్యన నిలిచిన బుడగ ఇవాళ ఓ వైపుకి పాకింది.

"చూశావా! నేను చెబుతూనే ఉన్నాను!" అద్దాలాయన ఎగిరి గంతేసినంత పని చేశాడు. "స్టాండు గొట్టం వంగింది. లేదా ప్లేటు వంగింది. ఇప్పుడు పన్నెండే అయింది, ఇంకా ఆరు గంటలుంది. అటువైపు పలక ఏదైనా దూర్చి లేపు. అతుకులబొంతలా వెల్డింగు కొట్టినా సరే, అందాలు నాకక్కర్లేదు!"

ఫిట్టరు రసమట్టం తీసి అడుగున ప్లేటు మీద పెట్టాడు. ఆ తర్వాత స్టాండు వదిలేసి, నాలుగడుగులు వేసి, పిట్టగోడ మీద పెట్టాడు. మూడుచోట్లా బుడగ ఒకేవైపు, ఒకేమేర పాకింది.

"గోడతో నీకేం పనయ్యా? నా కొంప మునిగిపోతుంటే!"

ఫిట్టరు సంచీలోంచి పొడుగాటి దారం తీశాడు. దాని కొసకి ఇనప గుండు కట్టి ఉంది. పిట్టగోడ బయటి అంచుకి దారం ఆనించి పట్టుకుని, గుండుని మెల్లగా వీధి వైపు కిందికి వదిలాడు. గుండు ఊగి, ఊగి, నిలబడింది. అతను బోర్లా వంగి కిందికి చూశాడు. పైన గోడని తాకుతున్న దారం కింద నేల దగ్గర గోడకి బెత్తెడు దూరంలో వేలాడుతోంది.

"ఇరవైమందికీ ఏం మొహం చూపించను?" వెనక నుంచి అద్దాలాయన చేతులు జోడించాడు. "నీకు పుణ్యముంటుంది, ఆ స్టాండు సంగతి చెప్పు. ఎంత కుంగింది? నిలబెట్టగలవా, లేదా?"

దారం చేతిలోంచి జారిపోయినా ఫిట్టరు చూసుకోలేదు.

"స్టాండు చెక్కుచెదరలేదు సార్, వీధి మీదికి ఒరిగిపోతున్నది మీ ఇల్లు... ముందు కిందున్న ఆడవాళ్ళని బయటికి లాక్కొద్దాం, పదండి!"