ఖాళీ మిక్సీ

ఇంటింటికీ మనసుపెట్టెలు వచ్చాక వంటిళ్లలో గిన్నెల చప్పుడు ఎక్కువైంది. ఎవరైనా కటువుగా మాట్లాడితే చాలు, గోడమీది పెట్టె ఆ మాట వెనకున్న అసలు కారణాన్ని పైకి చెప్పేస్తుంది. అది చెబుతున్నంతసేపూ పక్కవాళ్లు ఏ గిన్నెనో మోగించి, విననట్టు ఉండటమే మర్యాద.

ఆ మర్యాద మంగతాయారు నిన్న తప్పింది. కోడలు హిమజ దేనికో విసుక్కుంటే, చప్పుడు చేయకపోగా పారుతున్న కుళాయి కూడా కట్టేసింది. "చిన్నప్పుడు తల్లి ఎన్నడూ మెచ్చుకోలేదు, ఆ బాధే ఈ విసుగు" అని పెట్టె చెప్పిందంతా చెవులు రిక్కించి విన్నది.

ఈరోజు ఆ తల్లి, సుగుణ, భోజనానికి వచ్చింది. పులుసు మళ్లీ వేయించుకుని, "ఎంత బాగా చేశావే" అంది. హిమజ మొహం వెలిగిపోయింది.

"ఏం బాగు వదినగారూ, ఉప్పు కషాయం" అంది మంగతాయారు.

వెంటనే పెట్టె అందుకుంది. "ఉప్పు సరిపోయింది. ఈమె..."

హిమజ చటుక్కున మిక్సీ వేసింది.

"భోజనం మధ్యలో ఏం రుబ్బుతున్నావే?" అంది సుగుణ.

"కొబ్బరి పచ్చడమ్మా."

జారులో ఏమీ లేదు. అది చూసిన మంగతాయారుకు నిన్న తన చేతులతో కట్టేసిన కుళాయి గుర్తొచ్చింది. లేచి మిక్సీ ఆపింది.

"ఉప్పు సరిపోయింది వదినగారూ. నా వంటనెవరూ ఇలా మెచ్చుకోలేదు. అదీ నా ఏడుపు."

పెట్టె కిక్కురుమనలేదు. హిమజ గరిటె అందుకుని, "ఇంకాస్త పులుసు వెయ్యనా అత్తయ్యా?" అంది.

మంగతాయారు తలెత్తకుండానే కంచం ముందుకు జరిపింది.