ఇష్టముంటేనే

చెప్తూ చెప్తూ చెల్లెలు మిషన్లో పడిన రోజు దగ్గరికి వచ్చేసరికి ఎస్తేర్ కుర్చీ వెనక్కి జరిపింది.

“ఇంగ చాలు పాపా. నిలిపెయ్.”

గుమ్మిడిపూండి ఫ్యాక్టరీ ఆడవాళ్ల దిగులు మీద నిత్య సైకాలజీ ఎమ్మే పరిశోధన. ఈ ఒక్క ఇంటర్వ్యూ పూర్తయితే థీసిస్ ఇచ్చేయొచ్చు.

“రవంతే అక్కా! సగంలో నిలిస్తే నాకు డిగ్రీ రాదు.”

“ఇష్టం లేకుంటే ఎప్పుడైనా లేచి పోవచ్చని నువ్వే కదా చెప్పినావు?”

“అది అందరికీ చెప్పాలక్కా. రూలు.”

లేవబోయిన ఎస్తేర్ మళ్లీ కూర్చుంది.

“మా సూపర్వైజరూ ఇంతే. ఇష్టముంటేనే ఓవర్‌టైం అంటాడు. ఇంటికి పోతానంటే గేటుకు అడ్డం నిలబడతాడు. ఆ దినం మా చెల్లెలు పోతాననే అన్నింది... అడుగు పాపా.”

తన థీసిస్‌కు కావలసిన జవాబు అదేనని నిత్యకు తెలిసింది. తలెత్తి ఎస్తేర్ మొహం చూడలేకపోయింది.

ఫోన్లో రికార్డింగు మాత్రం ఆపలేదు.