వరండా గోడ

భీమిలి సముద్రం అడుగున ఉన్న మా కాలనీలో ఒక రూలుంది. గోడ ఎక్కడ కారినా, మెకానిక్ వచ్చేదాకా ఎవరో ఒకరు అక్కడ అరచేత్తో అదిమి పట్టుకోవాలి. పట్టుకోమన్న పిలుపు వినపడగానే అందరికీ నడుం నొప్పి వచ్చేస్తుంది.

ఆదివారం కొత్త థ్రిల్లర్‌కి వెళ్లాం. కథంతా సముద్రం అడుగునే జరుగుతుందని మా ఆవిడ పైడితల్లి పట్టుచీర కట్టింది. తెరమీద గోడలోంచి ఒక చుక్క రాలింది. హీరో కేకలు పెట్టాడు. హీరోయిన్ స్పృహ తప్పింది. మిగతావాళ్లు ఇంటికి ఫోన్లు చేసుకుని ఏడ్చారు.

"సుక్కకే ఇంత గోలేటి మావా? మన వంటింట్లో రోజూ కారతాది," అంది పైడి. "అరసెయ్యి పెడితే సరిపోతాది కదా."

హీరో పెట్టలేదు. రెండో చుక్క రాలేలోపు ఒక పాట మొదలైంది.

అప్పుడే మేనేజర్ మైకులో, ఎవరూ రారని తెలిసిన గొంతుతో చెప్పాడు. "వరండాలో గోడ కారుతోందండి. ఎవరైనా ఒకరొచ్చి పట్టుకోవాలి."

హాలు మొత్తం లేచింది. పైడి కుచ్చిళ్లు ఎత్తిపట్టి అందరికన్నా ముందు పరిగెత్తింది.

నేను వెళ్లేసరికి వరండాలో పెద్ద క్యూ. పైడి గోడకి అతుక్కుపోయి ఉంది, పట్టుచీర సగం తడిసిపోయింది.

"సెయ్యి నొప్పెడతాది, నేను పట్టుకుంటాను," అన్నాను.

"నాకేటీ నొప్పి లేదు. నువ్వెళ్లి సినిమా సూడు."

కట్టుకున్నవాడినని కూడా చూడలేదు.

ఇంతలో మెకానిక్ సంచితో వచ్చేశాడు. పిలవగానే రావడం ఆయన జన్మలో అదే మొదలు. పైడి గోడ వదలకుండానే ఆయన వైపు తిరిగింది.

"ఇంకా సగం సినిమా ఉంది బాబూ. టీ తాగి రా."